నీళ్ళలో మునిగిన కారుకి సెల్ఫ్ కొట్టమనే ఆ మెసేజ్ దయచేసి ఆపండి

వానలు మొదలైతే చాలు, ఆ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. "కారు స్టార్ట్ కాకపోతే మెకానిక్‌ని పిలవకండి, వేలకు వేలు గుంజుతాడు, ఈ చిట్కాలు మీరే చేసుకోండి, పదిమందికి పంపండి" అని. స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా బాబాయి కూడా విడిగా పంపారు. ఉత్త పనికిరాని సలహాలైతే వదిలేసేవాణ్ణి, కానీ ఇందులో ఒకటి ఇంజన్‌ని చంపేసేది, ఇంకోటి కళ్ళు పోగొట్టేది.

చిన్నవి ముందు కానిచ్చేస్తా. "బ్యాటరీలో రెండు ఆస్పిరిన్ మాత్రలు వేయండి" అట. వద్దు, లోపల సీసం ప్లేట్లు దెబ్బతింటాయి, అయినా ఇప్పుడొచ్చే చాలా బ్యాటరీలకి తీసే మూతలే ఉండవు. "టెర్మినల్స్ మీద (అంటే బ్యాటరీకి వైర్లు తగిలించే చోట) కూల్‌డ్రింక్ పోయండి" అట. అక్కడ పేరుకునే బూజు పోతుంది నిజమే, మరి ఆ జిగురంతా ఎవరు కడుగుతారు? టెర్మినల్స్ ఊడదీసి, వేడినీళ్ళలో తినేసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దితే పోతుంది.

ఇక అసలుది. "నీళ్ళలో ఆగిపోయిన కారుకి స్టార్ట్ అయ్యేదాకా వదలకుండా సెల్ఫ్ కొడుతూనే ఉండండి, ఆ వేడికి తేమ ఆరిపోతుంది" అని రాశారు. అయ్యా, లోపల ఉన్నది తేమ కాదు, నీళ్ళు! ఎయిర్ ఫిల్టర్ పైపు నుంచి సిలిండర్లోకి వెళ్ళిపోయిన నీళ్ళు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలి అయితే నొక్కుకుపోతుంది, నీళ్ళు నొక్కుకోవు, దాంతో ఆ బలమంతా పిస్టన్‌ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజన్ బ్లాక్‌ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. డీజిల్ బండికైతే ఇంకా ప్రమాదం, పిస్టన్ పైన మిగిలే జాగా చాలా తక్కువ కాబట్టి కొద్దిపాటి నీళ్ళు చాలు. ఆ సెల్ఫ్ కొట్టకపోతే నీళ్ళు తీసేసి, ఆయిల్, ఫిల్టర్లు మార్చి బతికించుకోగలిగే ఇంజన్ అది, సెల్ఫ్ కొట్టారంటే మొత్తం విప్పాల్సిందే.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునగడం చూశాం, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపంతా మునిగిపోవడం చూశాం, ఇంకా ఇలాంటి సలహాలు ఎలా పంపుతున్నారో నాకు అర్థం కాదు. ఇన్సూరెన్స్ ఉందిగా అంటారేమో. వరద నష్టం మామూలు పాలసీలోనే వస్తుంది, కానీ మునిగాక మీరు సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజన్ పోయిందని సర్వేయర్ తేలిస్తే ఆ ముక్క కంపెనీలు సాధారణంగా ఇవ్వవు, ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా డబ్బు కట్టి తీసుకున్నవాళ్ళు కూడా షరతులు చదువుకోవాలి. అంటే మెకానిక్‌కి వేలు ఇవ్వొద్దని చెప్పిన మెసేజ్ మీ చేత లక్షలు కట్టిస్తుంది!

నీళ్ళలో ఆగిందా, తాళం ముట్టుకోకండి. నీళ్ళు తగ్గాక బ్యాటరీ మైనస్ ఊడదీసి, టోయింగ్ బండి పిలిచి లాగించండి. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉన్నా, ఆయిల్ స్టిక్ తీస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉన్నా నీళ్ళు వెళ్ళినట్టే. మెకానిక్ స్పార్క్ ప్లగ్‌లు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు తీసి ఇంజన్‌ని చేత్తో తిప్పి నీళ్ళు కక్కిస్తాడు, ఆ తర్వాతే సెల్ఫ్.

రెండో ప్రమాదం జంప్ స్టార్ట్ గురించి, అంటే ఇంకో కారు బ్యాటరీకి కేబుల్స్ కలిపి మన కారు స్టార్ట్ చేయడం. "కేబుల్స్ ఎటు నుంచి పెట్టినా, ఏది ముందు పెట్టినా ఒకటే" అట. ఒకటే ఎలా అవుతుందండీ? ప్లస్ మైనస్ తారుమారైతే ఫ్యూజులతో పాటు ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ కూడా పోవచ్చు. ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, ఆఖరి కొస మాత్రం ఆగిపోయిన కారు ఇంజన్ మీద పెయింట్ లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఎందుకంటే ఆఖరిది తగిలించేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉంటుంది, అది అంటుకుంటే యాసిడ్ మొహం మీద పడుతుంది. ఇది పిల్లల ముందు చేసి చూపించమని కూడా రాశారు, నిజంగా ఒళ్ళు మండింది.

"ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడండి, ఆగిపోతే ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది) పోయినట్టు" అన్నది పాత అంబాసిడర్ల కాలం నాటి పరీక్ష. ఇప్పటి కార్లలో వైరు పీకగానే వోల్టేజ్ ఎగిరి ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ ఫుల్, 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ, ఇంజన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి.

"ఏ కారైనా నెట్టి సెకండ్ గేర్‌లో వదిలితే స్టార్ట్ అవుతుంది" అనేది మాన్యువల్ బండికే, అదీ బ్యాటరీలో కాస్త ప్రాణం ఉంటేనే. ఆటోమేటిక్ కారుని అలా నెట్టకండి.

అసలు ఆ మెసేజ్‌లో ఎక్కడా లేనిది, నీళ్ళలో మునగని కారైతే ముందు తాళం తిప్పి శబ్దం వినమని. టకటక అని వరసగా కొట్టుకుంటుంటే ఎక్కువసార్లు బ్యాటరీయో లూజు టెర్మినలో. ఇంజన్ తిరుగుతూ అందుకోకపోతే ఇంధనం, స్పార్క్, సెన్సార్ వైపు చూడాలి. పుష్ బటన్ కారు అసలు పలకకపోతే కీలో సెల్ అయిపోయిందేమో, చాలా కార్లలో కీని బటన్‌కి ఆనించి నొక్కితే తీసుకుంటుంది. లైట్లు బాగానే వెలుగుతూ ఒక్కసారి టక్‌మని ఆగిపోతే సెల్ఫ్ మోటార్‌ని అనుమానించండి.

దీని దగ్గర మాత్రం ఆ మెసేజ్ చెప్పిన ఒక మాట ఒప్పుకుంటా. సెల్ఫ్ మోటార్ మీద స్పానర్‌తో మెల్లగా తట్టమన్నారు, అది పనిచేస్తుంది. మోటార్ లోపల కరెంట్ అందించే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్‌లు, అరిగి ఇరుక్కుంటే ఆ తట్టుకి కదిలి కరెంట్ అందుకుంటాయి. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరు తడుతుంటే ఇంకొకరు తాళం తిప్పాలి. స్టార్ట్ అయితే మధ్యలో ఎక్కడా ఆపకుండా నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోనివ్వండి, రేపు పొద్దున ఆ తట్టుకి కూడా లేవకపోవచ్చు.