పిల్లులున్న ఇంట్లో మనీప్లాంట్ వద్దండి

మనీప్లాంట్ ఏ ఇంట్లోనైనా పెట్టుకోవచ్చని కొందరు రాస్తుంటారు, పిల్లులుంటే మాత్రం వద్దండి. తిరుపతిలో మా ఇంట్లో పిల్లి దాని ఆకు కొరికి ఒకటే చొంగ కారుస్తా, మూతి కాలితో రుద్దుకుంటా ఉండింది, పాపం నీళ్లు కూడా తాగలేకపోయింది, ఆ ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ ఉంటాదంట, నోట్లో గుచ్చుకుంటాది. కలబంద కూడా అంతే, తింటే వాంతులు. అన్నిటికంటే భయం లిల్లీ, మనం దండల్లో కట్టేది కాదు, బొకేల్లో పెట్టే పెద్ద పూలది, దాని పుప్పొడి పిల్లి ఒంటిమీద పడి నాక్కున్నా చాలు కిడ్నీలు పోతాయి, వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసకపోవాల. మేమిప్పుడు స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ పెట్టుకున్నాం, కొరికినా విషం కాదు. సైకస్ అనే మొక్కని కూడా పామ్ అనే అమ్ముతారు, అది లివర్‌ని దెబ్బతీస్తాది, నర్సరీలో చూసి తీసుకోండి.