భయపెట్టాలా, బుజ్జగించాలా?

2024 అక్టోబరులో ఢిల్లీ మెట్రో రైల్లో ఒక పోస్టర్ వెలిసింది. బస్సులో ఆడవాళ్లు చేతుల్లో కమలాపళ్లు పట్టుకుని ఉంటారు, "నెలకోసారి మీ కమలాపళ్లు చూసుకోండి" అని పైన రాసి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ గురించి అన్నమాట. జనం దుమ్మెత్తిపోశారు, మెట్రోవాళ్లు తీసేశారు. నాకైతే బాధేసింది. పరీక్షంటూ ఆసుపత్రి దాకా పోయే శ్రమ లేకుండా, పళ్ల బండి దగ్గరే పని తేలిపోయేది కదా!

ఆడవాళ్లకి ఈ సంగతి ఎలా చెప్పాలన్నది ఆషామాషీ వ్యవహారం కాదండీ, దీనికో శాస్త్రమే ఉంది. 1987లో అమెరికాలో మేయరోవిట్జ్, చైకెన్ అనే పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకు కరపత్రాలు పంచి చూస్తే, "చూసుకోకపోతే ఇంత నష్టం" అన్న కాగితమే ఎక్కువ పనిచేసింది. 1995లో మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) మీద వీడియోలు చూపించారు: నష్టం చెప్పిన వీడియో చూసినవాళ్లలో ఏడాదిలోపు 66.2 శాతం పరీక్ష చేయించుకున్నారు, లాభం చెప్పింది చూసినవాళ్లలో 51.5 శాతమే. ఇంకేం, భయపెట్టేస్తే సరి అనుకునేలోపు 2009లో ఓకీఫ్, జెన్సెన్ అనే పరిశోధకులు 53 అధ్యయనాలు కలిపి లెక్కేసి, తేడా ఉంది గానీ నామమాత్రమేనని తేల్చారు.

అయినా మనకు భయానికి కరువా? "ఏ నొప్పీ లేకుండా ఆసుపత్రికెందుకే, లేని రోగం అంటగడతారు" అని అత్తగారు పైసా ఖర్చు లేకుండా భయపెట్టేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ క్లినిక్కులు పెట్టారు, మంగళవారాల్లో ఈ పరీక్ష కూడా చేస్తామన్నారు. మంచిదే. ఆ మంగళవారమే పత్తి ఏరడానికి పిలుపొస్తే? దానికి ఏ పోస్టరూ బదులు చెప్పదు, రొమ్ము క్యాన్సర్ ప్రచారానికి గుర్తయిన గులాబీ రిబ్బను పక్కన పళ్లన్నీ కనబడేలా నవ్వే ఒక మోడల్, కింద "ఇల్లాలి ఆరోగ్యమే ఇంటికి వెలుగు" అని మాత్రం ఉంటుంది. అంటే ఆవిడ బతకాల్సింది కూడా పొయ్యి ఆరకుండా ఉండటానికే. సరే, అలాగే కానిద్దాం, నష్టమెవరికో వాళ్లకే చెబుదాం. నా పోస్టర్ ఇదీ:

"ఆవిడకి పరీక్ష చేయించకపోతే రేపు నీ లుంగీ ఎక్కడుందో చెప్పేవాళ్లుండరు. టిఫిన్ బాక్సు నువ్వే తోముకోవాలి. పిల్లాడు ఏ క్లాసని బడిలో నిన్నే అడుగుతారు."

ప్రతి సోమవారం సాయంత్రం బెల్టు షాపు గోడ మీద అంటించాలి. అడుగున కొంచెం పెద్దక్షరాలతోనే: రేపు పొద్దున బండి మీద నువ్వే దింపు, ఆ రోజు కూలి పోయిందని ఆవిడ్ని సాధించకు.