పగిలిన ఫోన్‌కు ఖరీదు కట్టేదెలా?

గొడవ ముదిరినప్పుడు ఎదుటి మనిషి చేతిలోని ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టడం వీధుల్లో, బస్సుల్లో, చివరికి ఇళ్లలోనూ మామూలైపోయింది. వీడియో తీస్తున్నారన్న కోపంతో ఒకరు, మెసేజ్‌లు చూపించడం లేదన్న అనుమానంతో మరొకరు ఆ పనికి తెగబడతారు. సాలెగూడులా పగిలిన తెరతో బాధితుడు ఠాణా మెట్లెక్కితే, ‘ఎంతకు కొన్నారు, బిల్లు ఉందా?’ అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఇందులో పోలీసులను మాత్రమే తప్పుపట్టలేం. చట్టమే ముందు ఖరీదు తేల్చమంటోంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 324వ సెక్షన్, ఇతరుల ఆస్తిని కావాలని పాడుచేసిన వారికి నష్టం విలువను బట్టి శిక్షను నిర్ణయిస్తుంది. నష్టం 20 వేల రూపాయల లోపైతే 6 నెలల వరకు, ఆపైన లక్ష లోపైతే 2 ఏళ్ల వరకు, లక్షకు చేరినా దాటినా 5 ఏళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు, లేదా జరిమానాతో సరిపెట్టవచ్చు. పాత శిక్షాస్మృతిలో 50 రూపాయల నష్టానికే 2 ఏళ్ల శిక్ష వర్తించేది కాబట్టి ఆ 1860 నాటి లెక్కను సవరించడం సబబే. కానీ 12 వేలు పెట్టి కొని రెండేళ్లు వాడిన ఫోన్ ఎంత కసిగా పగలగొట్టినా అట్టడుగు మెట్టు మీదే ఉంటుంది. పైగా లక్ష లోపు నష్టమైతే మెజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. లక్షకు పైబడిన ఫోన్ పట్టుకు తిరిగేవారికే ఠాణాలో నేరుగా ఎఫ్ఐఆర్ దక్కుతుందన్నమాట! ఇక పొరపాటున చేయి తగిలి ఫోన్ పడిపోతే అది నేరమే కాదు. అజాగ్రత్త ఉందని రుజువైతే సివిల్ కోర్టులో నష్టపరిహారం కోరవచ్చు, అంతే.

అసలు నష్టం గాజు పలకది కాదు. చనిపోయిన తండ్రి పంపిన వాయిస్ మెసేజ్, చీటీపాట లెక్కలు, కూలీ డబ్బు జమయ్యే యూపీఐ ఖాతా, కూతురి కాలేజీ ప్రవేశానికి రావాల్సిన ఓటీపీ అన్నీ ఆ ఆరంగుళాల తెర వెనకే ఉంటాయి. వీటికి విలువ కట్టే చట్టం మనకు లేదనుకోవడం పొరపాటు. రెండు టెలికాం కంపెనీల మధ్య హ్యాండ్‌సెట్ల వివాదంలో సెల్‌ఫోన్ కూడా సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం నిర్వచించిన ‘కంప్యూటరే’ అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లోనే చెప్పింది. ఆ చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా ఫోన్‌లోకి చొరబడినా, అందులోని సమాచారం కాపీ చేసినా, చెరిపేసినా, దాన్ని పాడుచేసినా పరిహారం చెల్లించాల్సిందే. అదే పని మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల జైలు లేదా 5 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకుంటే 66సి సెక్షన్ ఉంది.

రిపేరు షాపుల్లో ‘లాక్ ప్యాటర్న్ చెప్పండి’ అని అడిగి, దాన్ని ఫోన్ వెనక అంటించిన కాగితం ముక్కపై గీసుకోవడం అందరూ చూసేదే. తెర మార్చడానికి ఇచ్చిన ఫోన్‌లో ఫొటోలు తిరగేసే హక్కు ఆ కాగితం ఎవరికీ ఇవ్వదు. అప్పగించిన వస్తువును సొంత వస్తువంత జాగ్రత్తగా చూడాలని, చెప్పిన పనికి మించి వాడితే కలిగే నష్టానికి బాధ్యత వహించాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే శాసించింది. దాంపత్యంలో మాత్రం గీత అంత స్పష్టంగా లేదు. భార్య ఫోన్ సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేయడం ఆమె గోప్యతను ఉల్లంఘించడమేనని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిస్తే, అలాంటి రికార్డింగులను విడాకుల కేసుల్లో సాక్ష్యంగా స్వీకరించవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్ష్యంగా చెల్లడం వేరు, జీవిత భాగస్వామి ఫోన్‌లో నిఘా యాప్ పెట్టడానికి అనుమతి వేరు. ఈ తేడాను గుర్తించకుండా ఆ తీర్పును గూఢచర్యానికి లైసెన్సుగా ప్రచారం చేయడం తప్పు.

ఐటీ చట్టం కింద పరిహారం కేసులను విచారించే అధికారాన్ని 2003లో కేంద్రం ప్రతి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శికి అప్పగించింది. ఇప్పుడది 5 కోట్ల రూపాయల వరకు వర్తిస్తుంది. వీలైనంత వరకు 4 నెలల్లో తేల్చాలని నిబంధనలూ ఉన్నాయి. అయినా ఫోన్ పగిలిన మనిషికి సచివాలయంలో ఒక న్యాయ నిర్ణేత ఉన్నాడని చెప్పేవారు లేరు. చెప్పినా, ఉట్నూరు నుంచో పాడేరు నుంచో పది వేల ఫోన్ కోసం రాజధానికి ఎవరు వెళతారు? జిల్లా స్థాయిలోనే ఈ దరఖాస్తులు తీసుకుని వీడియో ద్వారా విచారించే ఏర్పాటును రెండు రాష్ట్రాలూ చేయాలి, అవసరమైన నియామకాలకు కేంద్రాన్ని అడగాలి. ఈలోగా, ఠాణాలో ఫిర్యాదు రాసుకునే రైటర్ ఫోన్ ఖరీదుతో పాటు అందులో పోయిన సమాచారం ఏమిటో కూడా అడిగి నమోదు చేయాలని, పరిహారానికి ఎవరిని ఆశ్రయించాలో ఫిర్యాదుదారుకు రాసివ్వాలని డీజీపీలు ఒక సర్క్యులర్ పంపవచ్చు. దానికి చట్ట సవరణ కూడా అక్కర్లేదు.