ఇల్లు లేని పిల్లల చదువు ఎవరి పద్దులో?

బడి మానేసిన పిల్లలను తిరిగి రప్పించడం ఒక ఎత్తు. అసలు మానేశారా, మరో ఊళ్లో మరో బడిలో చేరారా అన్నది తెలుసుకోవడం మరో ఎత్తు. మన విద్యాశాఖలు ఎక్కువగా తడబడుతున్నది ఈ రెండో దగ్గరే. దేశంలోని బడుల వివరాలు నమోదు చేసేందుకు కేంద్ర విద్యాశాఖ నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి బడుల వారీ మొత్తాలకు బదులు ఒక్కొక్క విద్యార్థి పేరిట వివరాలు నమోదవుతున్నాయి. ప్రతి ఒక్కరికీ శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. బడి వదిలిన వారి పేరును ప్రధానోపాధ్యాయులు అందులోని డ్రాప్‌బాక్స్ అనే జాబితాలోకి పంపితే, చేర్చుకున్న బడి దానిని అక్కడి నుంచి తీసుకోవాలి. బదిలీ అయిన ఉద్యోగి పిల్లల విషయంలో ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. ఫ్లైఓవర్ కింద, రైల్వే ప్లాట్‌ఫారంపై, ఇటుక బట్టీ పక్కన టార్పాలిన్ గుడిసెలో ఉండే పిల్లల పేర్లకు మాత్రం డ్రాప్‌బాక్సే చివరి చిరునామా అయ్యే ప్రమాదం ఉంది.

ఇటువంటి పిల్లలు ఎందరన్న ప్రశ్నకు ఒక్కో శాఖ ఒక్కో జవాబు చెబుతుంది. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల పక్కన, గుడి మండపాల్లో, స్టేషన్లలో పడుకున్న వారిని లెక్కిస్తే పిల్లా పెద్దా కలిపి దేశవ్యాప్తంగా దాదాపు 17.7 లక్షల మంది తేలారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1.45 లక్షలు. వీధి బాలలు 15 నుంచి 20 లక్షల మంది ఉండవచ్చని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అంచనా వేసింది. అయితే 2022 ఆరంభంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వివరాలు మాత్రం 17,914 మందివే. వారిలో 9,530 మంది కుటుంబాలతోపాటే వీధుల్లో ఉంటున్నారు. ఏ తోడూ లేనివారు 834 మంది. అంచనాకు, నమోదుకు మధ్య ఇంత అగాధం ఉన్న చోట చదువు ఎలా సాగుతోందన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుందని ఆశించలేం.

పైగా ఈ లెక్కల్లో వలస పిల్లలు సరిగా ఇమడరు. సొంతూళ్లో ఇల్లుంటుంది, దానికి తాళం ఉంటుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో వలసను ‘సుగ్గి’ అంటారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిర్చి కోతలకు తరలిపోతాయి. సుగ్గి ఊళ్ల బడుల్లో హాజరు పట్టీకి ఒక తీరు ఉంటుంది: దసరా, దీపావళి దాకా నిండుగా ఉన్న పేర్ల ఎదుట ఆ తర్వాత నెలల తరబడి గైర్హాజరు గుర్తులే; ఉగాది అటూ ఇటూగా మళ్లీ హాజరు. మిర్చి కోత ఊపందుకునేది జనవరి నుంచి మార్చి వరకు. పదో తరగతి పరీక్షలు జరిగేదీ మార్చిలోనే. తెలంగాణలోని ఇటుక బట్టీలకు ఒడిశాలోని బొలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలది మరింత చిక్కు. పిల్లలు వచ్చేది విద్యాసంవత్సరం నడుమ, వెళ్లేది వానలకు ముందు, చదువుకున్నది ఒడియాలో. బట్టీల దగ్గర ఒడియా మాధ్యమంలో వర్క్‌సైట్ స్కూళ్లు నడిపిన అనుభవం తెలంగాణ జిల్లాలకు ఉంది. అది మెచ్చుకోదగినదే. కానీ ఇక్కడ చదివిన నెలలు అక్కడి బడి రికార్డులోకి ఎక్కకపోతే, సొంతూళ్లో ఆ పిల్లలు బడి ఎగ్గొట్టిన వారిగానే మిగులుతారు.

చట్టం ఈ విషయంలో మూగగా ఏమీ లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం బదిలీ పత్రం ఆలస్యమైందన్న సాకుతో ప్రవేశాన్ని నిరాకరించకూడదు, జాప్యం చేయకూడదు. పత్రం ఇవ్వడంలో తాత్సారం చేసిన ప్రధానోపాధ్యాయులపై క్రమశిక్షణ చర్యకూ వీలుంది. వయసు ధ్రువీకరణ లేదని వెనక్కి పంపకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతోంది. తన పరిధిలో ఉంటున్న 14 ఏళ్లలోపు వారందరి రికార్డు నిర్వహించడం, వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చడం స్థానిక సంస్థల బాధ్యత అని తొమ్మిదో సెక్షన్ స్పష్టంగా పేర్కొంది. మన పంచాయతీలలో, మున్సిపాలిటీలలో ఆ రికార్డు చూపించమని అడిగితే ఎన్ని చూపగలవో పాలకులే చెప్పాలి. బడిలో చేరేందుకు ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే తేల్చింది. అయినా ఆన్‌లైన్‌లో పేరు ఎక్కించే వేళ ఆధార్ దగ్గరే బండి ఆగుతుంది. దానితో ముడిపడిన, ఒక్కో విద్యార్థికి ఇచ్చే 12 అంకెల గుర్తింపు సంఖ్య ‘అపార్’ వచ్చాక ఈ సమస్య పెరిగిందే తప్ప తగ్గలేదన్నది మా అభిప్రాయం.

ప్రవేశాల సంగతే ఇలా ఉంటే, చదువు ఎంతవరకు వచ్చిందన్నది మరీ చీకటి. 2024 డిసెంబరులో 3, 6, 9 తరగతుల వారికి దేశవ్యాప్తంగా నిర్వహించిన అభ్యసన సర్వే పరఖ్ సర్వేక్షణ్ ఫలితాలను బాలురు-బాలికలు, గ్రామం-పట్టణం, యాజమాన్యం వారీగా విడదీసి ప్రకటించారు. నీడ లేని పిల్లలు లెక్కల్లో, భాషలో ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పే పట్టిక అందులో లేదు. పరీక్ష రోజు బడిలో లేనివారి మార్కులు సగటులో కలవవు కాబట్టి, వారు లేకపోవడం వల్ల బడి ఫలితం కాస్త మెరుగ్గా కనిపించినా ఆశ్చర్యం లేదు. మరోవైపు పిల్లలను బడికి పంపే తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు సాయం చేసే ‘తల్లికి వందనం’ వంటి పథకానికి 75 శాతం హాజరు నిబంధన ఉంది. బడి మానకుండా ఆపడానికి ఉద్దేశించిన సాయం, అందరికంటే ముందు బడికి దూరమయ్యే వలస కుటుంబానికే అందకుండా పోవడం విడ్డూరం.

ఈ పిల్లలను విడిగా లెక్కించడం సాధ్యమేనా అని సందేహించేవారు అమెరికా అనుభవాన్ని చూడవచ్చు. ఇప్పుడు మెకిన్నీ-వెంటో చట్టంగా పిలుస్తున్న శాసనం అక్కడ 1987లోనే వచ్చింది. ఆశ్రయ కేంద్రాల్లో, మోటెళ్లలో, కార్లలో ఉంటున్న వారినే కాక, అద్దె కట్టలేక బంధువుల ఇంట తలదాచుకున్న కుటుంబాల పిల్లలనూ అది ఇల్లు లేనివారిగానే గుర్తిస్తుంది. పత్రాలు లేకున్నా వెంటనే చేర్చుకోవాలి. కుటుంబం ఎక్కడికి మారినా, పిల్లలకు మేలైతే, పాత బడిలోనే కొనసాగించి రవాణా కల్పించాలి. ప్రతి విద్యా జిల్లాలో ఇందుకు ఒక బాధ్యుడు ఉండాలి. 2015 నాటి సవరణతో వీరి పరీక్షా ఫలితాలను, ఉత్తీర్ణతను రాష్ట్రాలు విడిగా ప్రకటించాల్సి వచ్చింది. ప్రకటించాకే తేడా బయటపడింది. 2018-19లో హైస్కూలు గట్టెక్కినవారు మొత్తం మీద 86 శాతం ఉంటే, ఇల్లు లేనివారిలో సుమారు 68 శాతమే. లెక్కించినంత మాత్రాన అక్కడ ఇళ్లు పుట్టుకు రాలేదు; న్యూయార్క్ నగర బడుల్లోనే ఇటువంటి పిల్లలు ఏటా లక్షకు పైగా ఉంటున్నారు. కానీ ఆ 68 శాతం గురించి అక్కడి విద్యాధికారిని నిలదీయవచ్చు. మన దగ్గర నిలదీయడానికి అంకె కూడా లేదు.

లెక్క అన్నప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసుల ఆధ్వర్యంలో బట్టీలలో, కూడళ్లలో పిల్లలను గుర్తిస్తున్నారు. గుర్తించడంలో చూపిన చురుకు ఆ పిల్లలు మరుసటి ఏడాది ఏ తరగతిలో ఉన్నారో చెప్పడంలో కనిపించదు. పోలీసు జాబితా, బడి జాబితా ఒకటి కాకూడదు. కుటుంబం ఎక్కడ తలదాచుకుంటోందన్న వివరం ప్రధానోపాధ్యాయుల దగ్గర, మండల విద్యాధికారి దగ్గర మాత్రమే ఉండాలి. తరగతి గదిలో పిల్లల నుదుట ముద్రగా మారకూడదు. అమెరికా చట్టం కూడా ఈ వివరాన్ని విద్యా రికార్డులో భాగంగా పరిగణించి, బయటి వారికి వెల్లడించకుండా రక్షణ కల్పించింది.

ఇందుకు కొత్త చట్టం, కొత్త యాప్ అవసరం లేదు. టీచర్ల ఫోన్లలో యాప్‌లు ఇప్పటికే ఎక్కువయ్యాయి. డ్రాప్‌బాక్స్‌లోకి పంపిన పేరును మరో బడి తీసుకునే వరకు ఆ విద్యార్థి బాధ్యత పంపిన మండల విద్యాధికారిదేనని రెండు తెలుగు ప్రభుత్వాలు ఉత్తర్వు ఇస్తే చాలా మార్పు వస్తుంది. డ్రాప్‌బాక్స్‌లో 30 రోజులు దాటిన పేర్ల సంఖ్యను మండలాల వారీగా ప్రతి నెలా బయటపెట్టాలి. వలస వెళ్లిన చోట హాజరైన రోజులను సొంత బడి హాజరుగా లెక్కించి, పథకాలకు వర్తింపజేయాలి. పదో తరగతి ఫలితాలు ప్రకటించే రోజున సీజనల్ హాస్టళ్లలో (తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండే వసతి గృహాల్లో), ఆశ్రయ కేంద్రాల్లో ఉండి రాసిన వారి ఉత్తీర్ణతనూ పక్కన చూపాలి. ఒడిశా పిల్లల విషయంలో ఒడిశా, తెలంగాణ రాష్ట్రాల సమగ్ర శిక్షా కార్యాలయాలు బట్టీల సీజనుకు ముందే పేర్లు, తరగతులు ఇచ్చిపుచ్చుకోవాలి. కుటుంబం లారీ ఎక్కాక తెరిచిన సీజనల్ హాస్టల్ ఎవరికీ పనికిరాదు. కర్నూలు పడమటి మండలాల్లో అవి దసరా సెలవులు ముగిసేలోగా తెరుచుకోవాలి. ఏ ఊరి నుంచి ఎందరు చేరతారో సెప్టెంబరులోనే ఆయా బడుల నుంచి జాబితా తెప్పించుకోవాలి.