చదివింపుల పుస్తకానికి చట్టబద్ధత కల్పించాలి

తెలుగువారి పెళ్ళిలో అన్నిటికన్నా పకడ్బందీగా సాగే తంతు, భోజనాల హాలుకు వెళ్ళే దారిలో, ఎవరూ తప్పించుకోలేని చోట వేసిన బల్ల దగ్గర జరుగుతుంది. ఆ బల్ల వెనక కూర్చునే పెద్దమనిషి సాధారణంగా బ్యాంకులోనో రెవెన్యూలోనో చేసి రిటైరైన మేనమామ అయి ఉంటాడు. చంకలో సంచి, చేతిలో నాలుగు మూలలా పసుపు పూసిన పొడుగాటి పుస్తకం. మా బంధువుల పెళ్ళిలో ఒకదాన్ని దగ్గరగా చూశాను: "తెనాలి పెద్దత్తయ్య గారు, 1,116, వారి రెండో అల్లుడు గారు, 516, స్టీలు బిందె ఒకటి, మూత లేదు."

ఇంతటి లెక్క తెలిసిన మనల్ని చట్టం కూడా ఒక లెక్క అడిగింది. దాన్ని మాత్రం మనం రాయం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం, వధువుకు వచ్చిన కానుకల జాబితాను వధువు, వరుడికి వచ్చినవాటి జాబితాను వరుడు రాసి ఉంచుకోవాలి. వస్తువేమిటో, సుమారు విలువెంతో, ఇచ్చినవారెవరో, వారు ఏమవుతారో అందులో చూపి, కింద ఇద్దరూ సంతకాలు చేయాలి. ఆ జాబితా ఉన్న ఇంటిని నేనింతవరకు చూడలేదు. రాయిద్దామన్న ఆడపిల్ల తండ్రిని మాత్రం పైన చెప్పిన పెళ్ళిలోనే చూశాను. "బావగారూ, మా మీద అపనమ్మకమా?" అని వియ్యంకుడు గారు నొచ్చుకోగానే ఆయన కలం జేబులో పెట్టేసుకున్నాడు. మూత లేని బిందెను రాస్తే రాని అపనమ్మకం వడ్డాణాన్ని రాస్తే ఎందుకు వస్తుందో శాస్త్రజ్ఞులే తేల్చాలి.

అసలు పెళ్ళి చెల్లుబాటు విషయంలోనూ మన శ్రద్ధ ఇలాంటిదే. సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడో అడుగు పడినప్పుడే వివాహం సంపూర్ణమవుతుందని 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ చెబుతోంది. తాళి కట్టే ఘడియను డ్రోనుతో సహా నాలుగు కెమెరాలు పట్టుకుంటాయి గానీ, ఏడడుగుల వేళకు అతిథులు గడ్డపెరుగు దాకా వచ్చి ఉంటారు, కెమెరావాళ్ళు వారి పక్క బంతిలో ఉంటారు. తంతు జరపకుండా సర్టిఫికెట్లు మాత్రం తెచ్చుకున్న ఇద్దరు పైలట్ల కేసులో, పెళ్ళంటే ఆటపాటలకూ విందులకూ సందర్భం కాదనీ, జరగని పెళ్ళిని రిజిస్ట్రేషన్ సృష్టించలేదనీ 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. సంగీత్‌కు స్టెప్పులు నేర్పేవారి మనోభావాలను ధర్మాసనం పట్టించుకున్నట్టు లేదు. వివాహ నమోదును ఆంధ్రప్రదేశ్ 2002లోనే తప్పనిసరి చేసినా, వీసా అవసరం పడితే తప్ప ఆ ఆఫీసు ఎక్కడుందో మనకు గుర్తు రాదు.

మొదట చెప్పిన ఆ పెళ్ళి జంట ఇప్పుడు విడిపోతోంది. పరస్పర అంగీకారం ఉంటే విడాకులు పెద్ద చిక్కు కాదు: ఏడాది విడిగా ఉండి పిటిషన్ వేయాలి, ఆపైన ఆరు నెలలు ఆగాలి, ఆ ఆరు నెలలనూ తగిన సందర్భంలో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో తీర్పు వచ్చింది. మనుషులు ఇలా తేలిపోతారు, తేలనిది సొత్తు. గోవాలోలాగా ఆలుమగల ఆస్తిలో ఇద్దరిదీ చెరిసగమనే నియమం మనకు లేదు కాబట్టి, భార్య జీతంతో వాయిదాలు కట్టిన ఫ్లాటు కూడా కాగితం మీద భర్త పేరే ఉంటే, తన డబ్బు పడిందని రుజువు చేసుకునే పని ఆమె నెత్తిన పడుతుంది. స్త్రీధనం, అంటే ఆడపిల్లకు పెట్టిన నగలూ కానుకలూ, మాత్రం పూర్తిగా ఆమెదేనని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కూతురి అనుమతి లేకుండా కన్నతండ్రి కూడా దాన్ని అడగలేడని 2024లో, తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో మళ్ళీ చెప్పింది.

ఆమెదే, సరే. ఎన్ని కాసులు? వకీలు గారు జాబితా అడిగారు. అమ్మాయి తల్లి బీరువా అడుగు నుంచి చదివింపుల పుస్తకం తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. బిందె ఉంది, మూత లేదన్న సంగతీ ఉంది. వడ్డాణం లేదు, కాసులపేరు లేదు. కన్నవాళ్ళు తమ పిల్లకు పెట్టుకున్నది చదివించరు కదా!

అందుచేత ప్రభుత్వానికి నా విన్నపం ఏమిటంటే, చదివింపుల బల్లను ఫ్యామిలీ కోర్టుకు అనుబంధ కార్యాలయంగా గుర్తించి, మేనమామలకు రబ్బరు స్టాంపులిచ్చి, వడ్డాణంతో మొదలుపెట్టి బిందెతో ముగించేలా ఉత్తర్వులివ్వాలి. ఒక్క చిక్కు మిగులుతుంది. పెళ్ళిలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన కానుకలపై తగిన ఆదేశాలిచ్చే అధికారం హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కోర్టుకిచ్చింది. కానీ చదివింపులు కానుకలని ఆ చట్టం రాసినవారు పొరబడ్డారు. అవి వాయిదా తేదీ లేని అప్పులు. విడిపోయాక వాటిని ఎవరు తీర్చాలన్న దానిపై ఆ సెక్షన్ నోరు మెదపదు. తెనాలి పెద్దత్తయ్య గారి మనవరాలి పెళ్ళి మాఘమాసంలో ఉంది. శుభలేఖలు రెండిళ్ళకూ వచ్చాయి.