వ్యాసంలో రాని స్పీకర్ వేదిక సంగతి

అమెరికా ప్రతినిధుల సభ మాజీ సభ్యుడు జిమ్ లాంజెవిన్ రాజకీయ జీవితం మీద వ్యాసం బాగుంది గానీ, సగం ఆ తుపాకీ ప్రమాదానికే పోయింది. 1980లో, పదహారేళ్ల పోలీసు క్యాడెట్‌గా ఉన్నప్పుడు పొరపాటున పేలిన తూటాకి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి, నిజమే. నాకైతే 2010 జూలై 26 అంతకంటే ముఖ్యం. అమెరికా వికలాంగుల చట్టానికి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన ఆ రోజు ఆయన చక్రాల కుర్చీలోనే ప్రతినిధుల సభకి అధ్యక్షత వహించారు. అందుకోసం స్పీకర్ వేదికకి లిఫ్టులు పెట్టాల్సి వచ్చింది. ఊరందరికీ చట్టం చేసిన సభ, తన మెట్ల సంగతి చూసుకోడానికి ఇరవై ఏళ్లు పట్టిందన్నమాట! రోడ్ ఐలాండ్ రాష్ట్ర శాసనసభలో 1989 నుంచి ఆయన గడిపిన ఆరేళ్లని మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారెందుకో.