విప్పుతామని కట్టిన స్టేడియాలు

ఆటలు అయిపోగానే విప్పి, మూట కట్టి, మరో ఊరికి పంపగల స్టేడియం అనేది ఈ కాలపు ఆతిథ్య నగరాలు లోకానికి చేస్తున్న మహోపకారం. 2004 ఒలింపిక్స్ తరువాత ఏథెన్స్ మైదానాలలో మొలిచిన కలుపు మొక్కల ఫొటోలను లోకమంతా చూసింది కనుక, శాశ్వతంగా కట్టి శాశ్వతంగా సిగ్గుపడటం కంటే తాత్కాలికంగా కట్టడమే మర్యాదని నిర్వాహకులు గ్రహించారు. అయితే ఇంతవరకు చెక్కుచెదరకుండా నగరం నుంచి నగరానికి ప్రయాణించి, ప్రతిచోటా కొత్తదానిలా పనికొచ్చిన భాగం ఏదని విచారిస్తే, ఆ ఘనత విలేకరుల సమావేశంలో చదివే ప్రకటనకే దక్కుతుందని సవినయంగా మనవి చేస్తున్నాను.

2012లో లండన్ వారు ఉక్కు చట్రం మీద తెల్లటి ప్లాస్టిక్ పొర బిగించి, 12 వేల మంది పట్టే బాస్కెట్‌బాల్ అరీనా కట్టారు. ఆటల తరువాత దాన్ని రియోకు పంపవచ్చునన్నారు. విప్పడం వరకు నిజంగానే జరిగింది. మాటలు కోటలు దాటాయి గానీ కుర్చీలు కడలి దాటలేదు. రియో వారు హ్యాండ్‌బాల్ కోసం తమ అరీనా తామే కట్టుకుని, 2016 ఆటలు ముగియగానే దాని భాగాలతో నాలుగు పాఠశాలలు లేపుతామన్నారు. అయిదేళ్ళు దాటేదాకా అది కదల్లేదు కనుక, ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు అరీనాను దూరం నుంచే చూస్తూ ప్రాథమిక విద్య పూర్తి చేసుకుని ఉంటాడు.

ఖతార్ వారు మరింత శాస్త్రీయంగా ఆలోచించారు. 2022 ప్రపంచ కప్ కోసం దోహా సముద్రతీరాన 974 షిప్పింగ్ కంటెయినర్లను ఉక్కు చట్రంలో అమర్చి, కొన్నింటిలో మరుగుదొడ్లు, కొన్నింటిలో తినుబండారాల కొట్లు పెట్టి, సుమారు 44 వేల మందికి చోటు చూపించారు. ఆ దేశపు టెలిఫోన్ కోడ్ కూడా 974 కావడం గమనార్హం. గాలి భారం, జన భారం లెక్కవేసే ఇంజనీర్లకు టెలిఫోన్ శాఖ నుంచి ఇంతటి సహకారం అందడం నిర్మాణ శాస్త్రంలో అరుదు. బ్రెజిల్ 4-1తో దక్షిణ కొరియాను ఓడించడంతో అక్కడి ఏడు మ్యాచ్‌లూ అయిపోయాయి, ఇక విప్పడమే తరువాయి అన్నారు. 2024 డిసెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ మ్యాచ్‌లు, మరుసటి ఏడాది అరబ్ కప్ మ్యాచ్‌లు అదే స్టేడియంలో జరిగాయి. విప్పి కట్టేలా చేయడానికి మొదట ఎక్కువ ఉక్కు పడుతుంది, ఆ ఖర్చు పర్యావరణానికి గిట్టుబాటు కావాలంటే ఎన్నిసార్లు, ఎంత దూరం తీసుకెళ్తారన్నదే అసలు లెక్క. ఇక్కడ ప్రయాణ దూరం సున్నా కాబట్టి రవాణా కాలుష్యం కూడా సున్నాయే అని మనం సంతోషించాలి. తాత్కాలికమన్న మాటకు ఎంత ఆయుష్షు ఉంటుందో వెలగపూడి సచివాలయం ఎరిగిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంత జరిగాక ఒక స్టేడియం నిజంగానే మాట నిలబెట్టుకుంది, అందరి చేతా తిట్లు తిన్నదీ అదే. 2024 టీ20 ప్రపంచ కప్ కోసం న్యూయార్క్ శివారులోని ఐజన్‌హోవర్ పార్కులో 34 వేల మందికి స్టాండ్లు నిలబెట్టారు; వాటిలో కొన్ని లాస్ వేగాస్ ఫార్ములా వన్ రేసుకు వాడినవే. పిచ్‌లను అడిలైడ్ నిపుణుల పర్యవేక్షణలో ఫ్లోరిడాలో ట్రేలలో పెంచి, లారీల మీద తెచ్చి నేలలోకి దించారు. ఉక్కుకు బోల్టు బిగిస్తే చాలు, మట్టి కుదురుకోవడానికి మాత్రం కాలం కావాలి. ఒకే చోట పడిన బంతి ఒకసారి మోకాలికి, మరోసారి భుజానికి లేచే ఆ పిచ్ మీద శ్రీలంక 77కి, ఐర్లండ్ 96కి కూలిపోయాయి. జూన్ 9న మనవాళ్ళు 119కే ఆలౌటై కూడా పాకిస్థాన్‌ను 113 దగ్గర ఆపి గెలిచారు కాబట్టి, న్యూజెర్సీ నుంచి వెళ్ళిన తెలుగువారి దృష్టిలో ఆ పిచ్ నిర్దోషి. జూన్ 12న ఆఖరి మ్యాచ్ ముగిసిందో లేదో, స్టాండ్లు విప్పడం మొదలైంది.

మన ఊళ్ళలో కబడ్డీ పోటీలకు కర్రలు, ఇనుప గొట్టాలతో గ్యాలరీ కట్టి, మర్నాడే విప్పి మరో ఊరికి లారీలో పంపే పద్ధతి ఏ ప్రకటనా లేకుండానే నడుస్తోంది. అక్కడ కొరవడింది తనిఖీ ఒక్కటే. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళ గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. ఈ ఒక్క విషయంలో నాకు వ్యంగ్యం రావడం లేదు.

కనుక నా ప్రతిపాదన ఏమిటంటే, కట్టే టెండరు కంటే ముందు విప్పే టెండరు పిలవాలి. రిబ్బను కత్తిరించే మంత్రిగారి చేతికే ఆఖరి బోల్టు విప్పే స్పానరు కూడా అందించి, ఆ తేదీని శిలాఫలకం మీద చెక్కించాలి. ఫలకం కూడా తాత్కాలికమంటే ఏ మంత్రిగారూ ఒప్పుకోరు కాబట్టి, దాన్ని గ్రానైట్‌తోనే చేయించవచ్చు.